నాలుగు జట్ల కప్పు, ఇరవై నాలుగు జట్ల కప్పు

ఆసియా కప్పు ఫుట్‌బాల్‌లో మన దేశం 1964లో రెండో స్థానంలో నిలిచింది. కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ అయ్యాక గానీ ఫుట్‌బాల్ గుర్తుకురాని గోదావరి డెల్టాలో కూడా ఈ ముక్క చాలామందికి తెలుసు. అది అనగానే పక్కనున్నాయన "మరి ఇప్పుడేమైందండీ?" అంటాడు. అక్కణ్నుంచి క్రికెట్‌కీ, ఆట నడిపే పెద్దలకీ తలా ఒక తిట్టు పడుతుంది. 1964 సంగతి నిజమే. కాకపోతే ఆ ఏడాది కప్పుకు ఎన్ని జట్లు వచ్చాయి, ఎవరు రాలేదు, మన జట్టు ఏ దారిన లోపలికి వెళ్లిందన్నది ఎవరూ చెప్పరు. ఆసియా కప్పే కాదు, యూరోప్‌వాళ్ల యూరో అయినా, దక్షిణ అమెరికావాళ్ల కోపా అమెరికా అయినా, ఆఫ్రికా కప్పు అయినా ఈ సంగతులు తెలియకుండా పాత రికార్డును కొత్తదాని పక్కన పెడితే లెక్క తప్పుతుంది.

ముందు 1964నే విప్పి చూద్దాం. ఆతిథ్యం ఇజ్రాయెల్‌ది. ఆడినవి నాలుగే జట్లు: ఇజ్రాయెల్, భారత్, దక్షిణ కొరియా, హాంకాంగ్. ఇజ్రాయెల్‌తో ఆడటం ఇష్టంలేక చాలా దేశాలు దూరంగా ఉన్నాయి. పశ్చిమ మండలంలో మిగతా జట్లన్నీ తప్పుకోవడంతో మనవాళ్లు ఒక్క అర్హత మ్యాచ్ కూడా ఆడకుండా నేరుగా అసలు టోర్నీకి వెళ్లారు. ఆ తర్వాత 1968, 1972, 1976ల్లో వరసగా మూడుసార్లు కప్పు గెలిచిన ఇరాన్ అక్కడ లేదు.

"ఫైనల్లో ఓడిపోయాం" అనడం కూడా పొరపాటే. అసలు ఫైనలే లేదు. నలుగురూ ఒకరితో ఒకరు ఆడాలి, గెలుపుకు రెండు పాయింట్లు, ఎక్కువ ఎవరికుంటే వాళ్లదే కప్పు. మే 27న దక్షిణ కొరియాను 2-0తో ఓడించాం. రెండో నిమిషంలోనే మొదటి గోలు కొట్టింది అప్పలరాజు; రెండోది ఇందర్ సింగ్. నెహ్రూ కన్నుమూసింది కూడా ఆ రోజే, కాబట్టి మర్నాటి పేపర్లలో ఈ గెలుపుకు ఎంత చోటు దొరికి ఉంటుందో ఊహించుకోవచ్చు. 29న ఇజ్రాయెల్ చేతిలో 0-2. జూన్ 2న హాంకాంగ్‌పై 3-1. ఆ రాత్రికి మనకు నాలుగు పాయింట్లు, ఇజ్రాయెల్‌కూ నాలుగే. మర్నాడు ఇజ్రాయెల్ 2-1తో కొరియాను ఓడించి ఆరుకు చేరింది, మనం రెండో స్థానంలో ఆగిపోయాం.

అలాగని దీన్ని గాలివాటు రెండో స్థానమని తీసిపారేయడమూ తప్పే. 1956, 1960ల్లో మొదటి రెండు ఆసియా కప్పులూ గెలిచింది దక్షిణ కొరియా. ఆ జట్టును రెండు గోల్స్ తేడాతో ఓడించడం మాటలు కాదు. అంతకు రెండేళ్ల ముందే జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో అదే కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. రెండింటికీ చునీ గోస్వామే సారథి. జట్టు గట్టిదే, టోర్నీయే పల్చన. ఈ రెండు మాటలూ కలిపి చెప్పుకుంటేనే 1964 అర్థమవుతుంది.

ఇక్కడ ఇంకో గందరగోళం ఉంది. 1951 ఢిల్లీ, 1962 జకార్తా బంగారు పతకాలు ఆసియా కప్పువి కావు, ఆసియా క్రీడలవి. హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం పేరు ముడిపడింది ఆ రెండింటితో. ఆసియా కప్పును ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య నడుపుతుంది, ఖండం పోటీ అంటే అదే. ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ అనేక ఆటల్లో ఒకటి; పైగా 2002 నుంచి 23 ఏళ్ల లోపు జట్లే అక్కడ ఆడుతున్నాయి, ముగ్గురు పెద్దవాళ్లకు మాత్రం మినహాయింపు. ఇక శాఫ్ కప్పు దక్షిణాసియా వరకే. మనం తొమ్మిదిసార్లు గెలిచింది అది. గ్రూప్స్‌కి చదువుకునే పిల్లలు ఈ మూడింటినీ కలిపేసి మార్కులు పోగొట్టుకుంటుంటారు.

రానివాళ్ల వల్ల చరిత్ర మారడం ఒక్క ఆసియాలోనే జరగలేదు. ఆఫ్రికా కప్పు మొదటి టోర్నీ 1957లో సూడాన్ రాజధాని ఖార్టూంలో జరిగింది. ఆడాల్సినవి నాలుగు జట్లు: ఈజిప్టు, సూడాన్, ఇథియోపియా, దక్షిణాఫ్రికా. నల్లవాళ్లనూ తెల్లవాళ్లనూ కలిపిన జట్టును పంపేది లేదని దక్షిణాఫ్రికా పట్టుబట్టింది. దాన్ని పక్కన పెట్టారు. దాంతో ఆ జట్టుతో సెమీఫైనల్ ఆడాల్సిన ఇథియోపియా కాలు కదపకుండానే ఫైనల్‌కు చేరింది. ఇంకో సెమీఫైనల్లో సూడాన్‌ను 2-1తో దాటొచ్చిన ఈజిప్టు, ఫైనల్లో ఇథియోపియాను 4-0తో ఓడించింది. నాలుగు గోల్సూ అద్-దిబా ఒక్కడే కొట్టాడు. మొత్తం టోర్నీ రెండంటే రెండు మ్యాచ్‌లు. రికార్డు పుస్తకంలో మాత్రం ఇథియోపియా రన్నరప్: ఒక్క గెలుపు లేదు, ఒక్క గోలు లేదు. వర్ణవివక్ష పోయాక 1996లో తన గడ్డమీదే దక్షిణాఫ్రికా ఆ కప్పు గెలిచింది.

యూరోప్‌ది ఇంకో రకం రాజకీయం. 1960లో మొదటి యూరో అర్హత పోటీలకు 17 జట్లు పేర్లిచ్చాయి. చివరి అంకం నాలుగు జట్లతో ఫ్రాన్సులో జరిగింది. క్వార్టర్ ఫైనల్లో స్పెయిన్ సోవియట్ యూనియన్‌తో ఆడాలి. మాస్కో వెళ్లడానికి స్పెయిన్ నియంత ఫ్రాంకో ఒప్పుకోలేదు. సోవియట్ జట్టు ఆడకుండానే ముందుకెళ్లి, ఫైనల్లో యుగోస్లావియాను అదనపు సమయంలో 2-1తో ఓడించి కప్పు పట్టుకుపోయింది. నాలుగేళ్లకు మాడ్రిడ్‌లో స్పెయిన్, సోవియట్ జట్లే ఫైనల్లో తలపడ్డాయి, స్పెయిన్ 2-1తో గెలిచింది. 1992లో యుద్ధం వల్ల యుగోస్లావియాను తప్పిస్తే, ఆ ఖాళీలోకి ఆఖరి నిమిషంలో వచ్చిన డెన్మార్క్ ఫైనల్లో జర్మనీని 2-0తో ఓడించింది. అర్హతే సాధించని జట్టు ఖండానికి విజేత అయిందన్నమాట.

దక్షిణ అమెరికాది ఎదురు సమస్య. అక్కడ సభ్యదేశాలే పది. 1916లో బ్యూనస్ ఐరీస్‌లో అర్జెంటీనా, బ్రెజిల్, చిలీ, ఉరుగ్వే ఆడిన ఆ పోటీ ఇప్పటికీ నడుస్తున్న ఖండస్థాయి కప్పుల్లో అన్నిటికన్నా పాతది. కోపా అమెరికా అన్న పేరు మాత్రం 1975లో వచ్చింది. పది జట్లతో గ్రూపులు సరిగ్గా కట్టలేరు. అందుకని 1993 నుంచి అతిథుల్ని పిలుస్తున్నారు. ఆ మొదటిసారే మెక్సికో ఫైనల్ దాకా వెళ్లింది, 2001లో మళ్లీ వెళ్లింది. 2019లో జపాన్, ఖతార్ కూడా వచ్చి ఆడాయి. అర్జెంటీనాకు 16 కప్పులు, ఉరుగ్వేకు 15 అని చదివేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోవాలి: వందేళ్లకు పైగా సాగిన ఈ పోటీ కొన్నిసార్లు ఏటా జరిగింది, 1959లో అయితే ఒకే ఏడాది రెండుసార్లు జరిగింది. నాలుగేళ్లకోసారి మాత్రమే జరిగే యూరోలో స్పెయిన్ గెలిచిన నాలుగు కప్పుల పక్కన ఈ పదహారును పెట్టి "నాలుగు రెట్లు" అంటే అర్థం లేదు.

ఏ జట్టు ఏ ఖండానిది అన్నది కూడా పటం చూసి చెప్పలేం. 1964లో ఆసియా విజేత ఇజ్రాయెల్‌ను 1974లో ఆసియా సమాఖ్య నుంచి వెళ్లగొట్టారు. 1994 నుంచి అది యూరోప్‌లో పూర్తి సభ్యురాలు. కజఖ్‌స్థాన్ 2002లో ఆసియా వదిలి యూరోప్‌కు పోయింది. ఓషియానియా (పసిఫిక్ దీవుల) మండలంలో తనకు దీటైన జట్టు లేదని ఆస్ట్రేలియా 2006లో ఆసియాలోకి వచ్చింది. 2001 ప్రపంచ కప్పు అర్హత మ్యాచ్‌లో అమెరికన్ సమోవాను 31-0తో ఓడించిన జట్టు మరి. వచ్చాక 2015లో ఆసియా కప్పు గెలిచింది, 2011లోనూ 2024లోనూ మనల్ని ఓడించింది.

ఇప్పుడు సంఖ్యల దగ్గరికి వద్దాం. ఆసియా కప్పులో 1956లో 4 జట్లు, 1968లో 5, 1972లో 6, 1980లో 10, 1996లో 12, 2004లో 16, 2019 నుంచి 24. ధవళేశ్వరం దగ్గర ఎన్ని తలుపులు ఎత్తారన్నదాన్ని బట్టే కదా శివారు పొలానికి నీరందేది. ఇదీ అంతే. పై జట్లు ఎలాగూ వస్తాయి. తలుపులు పెరిగితే లాభపడేది మనలాంటి మధ్యస్థ జట్లు. 1964 తర్వాత భారత్ మళ్లీ కనిపించింది 1984లో, పది జట్లున్నప్పుడు. సింగపూర్ చేతిలో 0-2, యూఏఈ చేతిలో 0-2, ఇరాన్‌తో 0-0, చైనా చేతిలో 0-3. ఆ తర్వాత 1988 నుంచి 2007 దాకా ఆరు కప్పులకు మన జట్టు చేరనేలేదు.

2011లో వచ్చిన దారి వేరు. కింది స్థాయి జట్ల కోసం ఆసియా సమాఖ్య ఛాలెంజ్ కప్పు అని ఒకటి పెట్టింది, దాన్ని గెలిచినవాళ్లకు ఆసియా కప్పులోకి నేరుగా ప్రవేశం. 2008 ఛాలెంజ్ కప్పు మన హైదరాబాదులో మొదలైంది. ఆగస్టు వానలకు మైదానం పాడై ఫైనల్‌ను ఢిల్లీ అంబేద్కర్ స్టేడియానికి మార్చాల్సి వచ్చింది. అక్కడ సునీల్ ఛెత్రి హ్యాట్రిక్‌తో తజికిస్థాన్‌పై 4-1. అంటే ఆసియాలోని పెద్ద జట్లలో ఒక్కదాన్నీ అర్హత పోటీలో దాటకుండానే దోహా చేరాం. అక్కడ జరిగింది చూడండి: ఆస్ట్రేలియా చేతిలో 0-4, బహ్రెయిన్ చేతిలో 2-5, కొరియా చేతిలో 1-4. అడ్డదారి మంచిదే, కానీ ఎదురయ్యే జట్టు బలాన్ని అది తగ్గించదు. 2014తో ఆ ఛాలెంజ్ కప్పే ఆగిపోయింది.

ఇంతకీ మన చివరి మూడు ఆసియా కప్పులూ సంక్రాంతి రోజుల్లోనే పడ్డాయి. ఆ బహ్రెయిన్ మ్యాచ్ 2011 జనవరి 14న. 2019లో మళ్లీ జనవరి 14నే, మళ్లీ బహ్రెయిన్‌తోనే. 2024లో ఆస్ట్రేలియాతో జనవరి 13న. గల్ఫ్‌లో వేసవిలో ఆడలేరు కాబట్టి ఈ మూడూ ఇదే కాలంలో పడ్డాయి. భీమవరం చుట్టుపక్కల బరుల దగ్గర జనం తొక్కిసలాడే వేళ టీవీ ముందు కూర్చునేదెవరు? ఆ రోజుల్లో మన ఆట చూడగలిగింది దోహాలో, అబుదాబిలో పనులు చేసుకుంటున్న కోనసీమవాళ్లే.

2019 గ్రూపును దగ్గర్నుంచి చూడాలి, ఎందుకంటే 24 జట్ల పద్ధతి ఎలా పనిచేస్తుందో అందులో మొత్తం ఉంది. ఆరు గ్రూపులు, ఒక్కోదాంట్లో నాలుగు జట్లు. ప్రతి గ్రూపులో మొదటి రెండు నేరుగా నాకౌట్‌కు వెళ్తాయి: పన్నెండు. ఆరుగురు మూడో స్థానం వాళ్లలో మెరుగైన నలుగురిని కలుపుతారు: పదహారు. మన గ్రూపులో యూఏఈ, థాయ్‌లాండ్, బహ్రెయిన్. మనం మొదటి మ్యాచ్‌లో థాయ్‌లాండ్‌ను 4-1తో చితక్కొట్టాం, ఆసియా కప్పులో 55 ఏళ్ల తర్వాత మొదటి గెలుపు అది. తర్వాత యూఏఈ చేతిలో 0-2. చివరిది బహ్రెయిన్‌తో. తొంభై నిమిషాలు 0-0. అలాగే ముగిస్తే మనకు 4 పాయింట్లు (ఇప్పుడు గెలుపుకు మూడు, డ్రాకు ఒకటి). థాయ్‌లాండ్‌కూ నాలుగే, కానీ వాళ్లను మనమే ఓడించాం కాబట్టి రెండో స్థానం మనది, నాకౌట్ ఖాయం. 91వ నిమిషంలో పెనాల్టీ, గోలు, 0-1. రెండో స్థానంలో ఉండాల్సిన జట్టు అట్టడుగుకు పడింది.

తుది పట్టిక ఇంకా వింత. యూఏఈకి 5 పాయింట్లు, థాయ్‌లాండ్, బహ్రెయిన్‌లకు చెరి 4, మనకు 3. గోల్ తేడా (కొట్టిన గోల్స్‌లోంచి ఇచ్చినవి తీసేస్తే మిగిలేది) చూస్తే బహ్రెయిన్‌ది సున్నా, మనదీ సున్నా, థాయ్‌లాండ్‌ది మైనస్ రెండు. అయినా రెండో స్థానం థాయ్‌లాండ్‌కే దక్కింది. ఎందుకంటే ఆసియా కప్పులో పాయింట్లు సమానమైతే ముందు ఆ జట్లు తమలో తాము ఆడిన మ్యాచ్ చూస్తారు. థాయ్‌లాండ్ 1-0తో బహ్రెయిన్‌ను ఓడించింది. యూరోలోనూ ఇదే పద్ధతి. ప్రపంచ కప్పులో 2022 దాకా, 2024 కోపా అమెరికాలోనూ గోల్ తేడాదే మొదటి స్థానం. క్రికెట్ రన్ రేటుకు అలవాటుపడ్డ మనవాళ్లు "ఎక్కువ గోల్స్ కొట్టాలి" అని లెక్కలు వేసేది ఇక్కడే తప్పుతుంది. ఏ టోర్నీలో ఏ నిబంధన ముందో చూసుకుని మరీ లెక్క మొదలుపెట్టాలి.

ఈ ముఖాముఖి నిబంధన ఇటలీని 2004 యూరోలో ముంచింది. ఇటలీ, స్వీడన్, డెన్మార్క్ మూడింటికీ తలా 5 పాయింట్లు. ముగ్గురి మధ్య మూడు మ్యాచ్‌లూ డ్రాలే: ఇటలీ-డెన్మార్క్ 0-0, ఇటలీ-స్వీడన్ 1-1, చివర్లో డెన్మార్క్-స్వీడన్ 2-2. ఈ మూడు మ్యాచ్‌ల గోల్స్ మాత్రమే లెక్కపెడితే స్వీడన్‌కు 3, డెన్మార్క్‌కు 2, ఇటలీకి 1. ఒక్క మ్యాచ్ కూడా ఓడని ఇటలీ ఇంటిదారి పట్టింది. మూడో స్థానం వాళ్లకూ చోటిచ్చే 24 జట్ల పద్ధతి 2016లో పోర్చుగల్‌కు కలిసొచ్చింది. గ్రూపులో మూడు మ్యాచ్‌లూ డ్రా చేసుకుని మూడో స్థానంతో బయటపడింది. నాకౌట్‌లో తొంభై నిమిషాల్లో గెలిచింది వేల్స్‌పై ఒక్కటే. అయినా కప్పు దానిదే. పన్నెండేళ్ల తేడాలో రెండు జట్లు దాదాపు ఒకేలా ఆడితే, ఒకటి మొదటి అంచెలో పోయింది, ఇంకొకటి విజేత అయింది.

నిబంధనలతో తేలకపోతే? 1968 యూరో సెమీఫైనల్లో ఇటలీ, సోవియట్ యూనియన్ 120 నిమిషాలాడినా గోలు పడలేదు. అప్పటికింకా పెనాల్టీ షూటౌట్ లేదు. నాణెం ఎగరేశారు, ఇటలీ గెలిచింది, తర్వాత కప్పూ గెలిచింది. ఇది పాతకాలం ముచ్చట అనుకోనక్కర్లేదు. 2000లో ఉత్తర, మధ్య అమెరికా దేశాల గోల్డ్ కప్పులో కెనడా, అతిథిగా వచ్చిన దక్షిణ కొరియా అన్ని లెక్కల్లో సమానమయ్యాయి. నాణెం కెనడా వైపు పడింది. చివరికి కప్పు గెలిచింది కూడా ఆ కెనడాయే.

సంవత్సరాల విషయంలోనూ జాగ్రత్త పడాలి. "2023 ఆసియా కప్పు" జరిగింది 2024 జనవరి, ఫిబ్రవరిల్లో. చైనా ఆతిథ్యం వదులుకోవడంతో ఖతార్‌కు వెళ్లింది. "2023 ఆఫ్రికా కప్పు" కూడా అవే నెలల్లో ఐవరీ కోస్టులో జరిగింది. "యూరో 2020" ఆడింది 2021లో. పేరులో ఉన్న సంవత్సరం, ఆడిన సంవత్సరం రెండూ రాసుకోకపోతే ఆటగాళ్ల వయసులూ, వరసగా ఎన్ని కప్పులన్న లెక్కలూ తారుమారవుతాయి.

ఇప్పటిదాకా ఐదు ఆసియా కప్పుల్లో మనం ఆడినవి 16 మ్యాచ్‌లు: 3 గెలుపులు, ఒక డ్రా, 12 ఓటములు. కొట్టినవి 12 గోల్స్, ఇచ్చినవి 33. మూడు గెలుపుల్లో రెండు 1964వే. 2024లో మూడు మ్యాచ్‌లూ ఓడాం, గోలే లేదు.

2027 కప్పు సౌదీ అరేబియాలో జనవరి 7 నుంచి ఫిబ్రవరి 5 దాకా. మళ్లీ సంక్రాంతే, కానీ ఈసారి మన జట్టు లేదు. 24 చోట్లు ఉన్నా ఎందుకు పోయిందో చూస్తే అసలు గండి ఎక్కడ పడిందో తెలుస్తుంది. ప్రపంచ కప్పు అర్హత రెండో అంచెనే ఆసియా కప్పుకూ వాడారు: తొమ్మిది గ్రూపులు, మొదటి రెండు జట్లకు నేరుగా ప్రవేశం, అంటే 18 చోట్లు అక్కడే అయిపోయాయి. మన గ్రూపులో ఖతార్, కువైట్, అఫ్ఘానిస్థాన్. కువైట్‌ను వాళ్ల గడ్డమీద 1-0తో ఓడించి బాగానే మొదలుపెట్టాం. 2024 మార్చిలో గువాహటిలో అఫ్ఘానిస్థాన్ చేతిలో 1-2తో ఓడాం. జూన్ 6న కోల్‌కతాలో కువైట్‌తో, ఛెత్రి వీడ్కోలు మ్యాచ్‌గా జరిగినది, 0-0. చివరికి కువైట్‌కు 7, మనకు 5. ఆ రాత్రి ఒక్క గోలు పడి ఉంటే మిగతా ఫలితాలు అలాగే ఉన్నా మనకు 7, కువైట్‌కు 6. రెండో స్థానం మనది, సౌదీ టికెట్ అప్పుడే చేతిలో. పూలదండల హడావుడిలో ఈ లెక్కను పట్టించుకున్నవాళ్లు తక్కువ.

అది పోయాక మిగిలినవి ఆరే చోట్లు. ఆరు గ్రూపులు, ఒక్కోదాంట్లో నాలుగు జట్లు, గ్రూపు విజేతకు మాత్రమే ప్రవేశం. రెండో స్థానానికి ఏమీ లేదు, మెరుగైన మూడో స్థానం అన్న ఊరట అసలే లేదు. ఇంత ఇరుకు దారిలో సొంతగడ్డ మీది మ్యాచ్‌లు గెలిచి తీరాలి. 2025 మార్చిలో షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో 0-0. జూన్‌లో హాంకాంగ్ వెళ్లి 0-1. అక్టోబరులో సింగపూర్‌లో 1-1, ఐదు రోజులకు గోవాలో అదే సింగపూర్ చేతిలో 1-2. నవంబరులో ఢాకాలో 0-1. ఐదు మ్యాచ్‌లకు రెండు పాయింట్లు. షిల్లాంగ్, గోవా రెండింట్లో కలిపి ఆరు పాయింట్లు రావాల్సిన చోట వచ్చింది ఒకటి. ఆ గ్రూపులోంచి సౌదీ వెళ్తున్నది సింగపూర్. 1984లో ఆతిథ్య దేశంగా ఆడిన ఆ జట్టు, అర్హత పోటీలు గెలిచి ఆసియా కప్పుకు వెళ్లడం ఇదే మొదటిసారి.